కసురమ్మ కొండ: అమ్మ అడిగే మూడు ప్రశ్నలు

మృగశిర కార్తె మొదటి ఆదివారం ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు కసురమ్మ గుడి పూజారి లింగక్క నీలం రంగు నీళ్ల డ్రమ్ము మూత తీసి లోపల చేయి ముంచి చూసింది. నీళ్లు మోచేతికి రెండు వేళ్ల కింద నిలిచాయి. మూత పెట్టి, తడి చేతిని కొంగుకు తుడుచుకుని, అప్పుడు గర్భగుడి తలుపు తీసింది. ఈ క్షేత్రంలో నీళ్లు చూడటమే మొదటి సేవ. దీపం రెండోది.

రాయలసీమ మెట్ట ప్రాంతంలో, ఏగిసపల్లె అడ్డరోడ్డుకు మూడు కిలోమీటర్ల దూరంలో ఈ కొండ ఉంది. అడ్డరోడ్డు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో దొరుకుతాయి. గుడికి గోపురం లేదు. మూడు గోడలు, పైన ఒక బండ, అంతే. ఇక్కడ కొబ్బరికాయ కొట్టరు, పూలమాలలు తీసుకోరు. గుడి ముందు వరసగా మట్టి కడవలు, ప్లాస్టిక్ క్యాన్లు బోర్లించి ఉంటాయి.

అమ్మవారి విగ్రహం నిలువెత్తు నల్లరాయి. ఎడమ చేయి నడుము మీద ఉంటుంది. కుడి చేయి ముందుకు చాచి, చూపుడువేలు ఎదుటివారి రొమ్ము మీదికి గురిపెట్టి ఉంటుంది. అభయహస్తం లేదు. వరదహస్తమూ లేదు. మొదటిసారి వచ్చినవారు ఆ వేలి ముందు నుంచి కొంచెం పక్కకు జరిగి నిలబడతారు. జరిగినా లాభం లేదు. దర్శనానికి ముందు పూజారి ఒక్కొక్కరినీ మూడు ప్రశ్నలు అడుగుతుంది.

"ఏం నాటినావు? యాడ నాటినావు? బతికిందా?"

జవాబు చెప్పగలిగినవారికి దోసెడు నీళ్లు తీర్థం. చెప్పలేనివారికి తిట్లు. తిట్టిన తర్వాత వారికి కూడా తీర్థం ఇస్తారు గాని, తిట్టకుండా మాత్రం ఇవ్వరు. లింగక్కకు యాభై ఎనిమిదేళ్లు. ఈ పని ముప్పై ఏళ్లుగా చేస్తున్నది. ఆ ఆదివారం వరుసలో ముందున్నది కర్నూలు నుంచి వచ్చిన ఒక మాస్టారు.

"వేప నాటినానమ్మా, ఇంటి ముందర."

"బతికిందా?"

"ఎవరో పీకేసినారమ్మా."

"ఎవరో పీకేస్తాంటే నువ్వేం చేస్తాంటివి నాయనా? సెల్లు సూసుకుంటాంటివా?"

వరుసలో నవ్వులు వినిపించాయి.

"నవ్వినోళ్లు ముందుకు రాండి. మీ సంగతీ తేలుస్తా" అన్నది లింగక్క. నవ్వులు ఆగిపోయాయి.

కొండ మీద చెట్లు నాటి పెంచేది ఏగిసపల్లెతో పాటు చుట్టుపక్కల ఐదు ఊళ్లవారు. మొత్తం అరవై ముగ్గురు. ఆటో నడిపేవారు, బట్టలు కుట్టేవారు, అంగన్‌వాడీ ఆయా, పదవీ విరమణ చేసిన లైన్‌మన్ వారిలో ఉన్నారు. ఎవరికీ జీతం లేదు. ప్రతి ఆదివారం క్యాన్లతో నీళ్లు మోస్తారు. ఈ కొండకు పుట్టుకతో ఉన్న చెట్లే నాటుతారు: ఏగిస, చండ్ర, సోమి, రేల, జమ్మి, తెల్లతుమ్మ. వాటిని బయట నాటరు. బలుసు పొదలోనో, కలే పొదలోనో, రేగు కంపలోనో లోపలికంటా చేయి దూర్చి నాటుతారు. చేతులు గీరుకుపోతాయి. కొండ ఉత్తరపు వాలులో అలా పెరుగుతున్న మొక్కలు మూడు వందల పద్దెనిమిది ఉన్నాయి. దూరం నుంచి చూస్తే ముళ్ల కంప తప్ప ఏమీ కనబడదు.

అదే రోజు ఏడు గంటల పది నిమిషాలకు కొండ కింద రెండు కార్లు, ఒక బస్సు, ఒక లారీ ఆగాయి. పట్నంలోని ఒక పచ్చదనం సేవా సమితి అధ్యక్షుడు గజేంద్రనాథ్, ఆకుపచ్చ చొక్కాలు వేసుకున్న నలభై మందితో పైకి వచ్చాడు. లారీలో నర్సరీ నుంచి తెచ్చిన కోనోకార్పస్ మొక్కలు వెయ్యి ఉన్నాయి. రోడ్ల మధ్య పెంచే పరదేశపు మొక్క అది. త్వరగా పెరుగుతుంది. ఫొటోలో బాగుంటుంది. పక్షి గూడు కట్టదు, మేక నోరు పెట్టదు. ఉత్తరపు వాలు తమకు అప్పగిస్తే ఒక్క రోజులో పచ్చగా చేస్తామని ఆయన అడిగాడు.

"ఆడ మొక్కలుండాయి నాయనా" అన్నది లింగక్క.

"ముళ్ల కంప తప్ప ఏముందమ్మా అక్కడ? మిషను పెట్టిస్తే ఒక్క పూటలో శుభ్రమైపోతుంది."

లింగక్క మూడు ప్రశ్నలు అడిగింది. ఆయన తడుముకోలేదు.

"ఐదు వందల మొక్కలు. సింగనగుంట చెరువు కట్ట మీద. మూడేళ్లయింది. అన్నీ బతికినాయి."

"అన్నీనా?"

"అన్నీ."

ఆకుపచ్చ చొక్కాలవారు చప్పట్లు కొట్టారు. లింగక్క కసరలేదు. వరుసలో ఉన్నవారికి అది వింతగా తోచింది. కాని ఆమె కసరకపోవడానికి కారణం ఉంది. నూరు మొక్కలను మూడు వేసవులు బతికించినవారు కొండ మీద ఏ వాలు కోరితే ఆ వాలు ఇవ్వాలన్నది ఇక్కడి కట్టుబాటు. దాన్ని కాదనే అధికారం పూజారికి లేదు. గజేంద్రనాథ్ చెప్పింది నిజమైతే ఉత్తరపు వాలు ఆయనది. ఆ పొదల్లోని మొక్కలు మిషను పాలు. ఆ మొక్కలకు ఇది మూడో వేసవి.

మూడో వేసవి అంటే ఏమిటో, పొదను శుభ్రం చేస్తామన్న మాట ఈ కొండ మీద ఎందుకు అనకూడదో తెలియాలంటే కథ మొదటి నుంచి వినాలి.

పూర్వం ఇక్కడ కొండ నిండా అడవి ఉండేది. తూర్పు పాదంలో ఒక చెలమ ఉండేది. రోహిణి ఎండల్లో కూడా అందులో కడవ మునిగేది. ఆ చెలమను నమ్ముకుని నలభై గడపల ఏగిసపల్లె వెలిసింది. ఆ రోజుల్లో ఈ సీమను ఏలిన పాలెగాడు చిన్న తిమ్మప్ప నాయడు కోట కట్టదలిచాడు. కోటకు సున్నం కావాలి. సున్నం కాల్చడానికి కట్టె కావాలి. ఏడేళ్లు ఏడు బట్టీలు ఆరకుండా మండాయి. ఎనిమిదో ఏట కోట పూర్తయింది, కొండ బోడి అయింది. తొమ్మిదో ఏట చెలమ ఎండిపోయింది. ఏగిసపల్లె ఆడవాళ్లు నీళ్ల కోసం రెండు కోసుల దూరం నడవవలసి వచ్చింది.

ఊరివారు వెళ్లి నాయనికి మొరపెట్టుకున్నారు. నాయడు వారిని కొట్టించలేదు, గద్దించలేదు. పండుగ చేశాడు. మృగశిర కార్తె మొదటి రోజున కొండ మీద వెయ్యి గుంటలు తవ్వించాడు. ఏటి ఒడ్డు తోటల నుంచి పోక, కొబ్బరి, మామిడి మొక్కలను బండ్ల మీద తెప్పించాడు. డప్పులు మోగాయి. ఒక్కొక్క సర్దారు వచ్చి ఒక్కొక్క మొక్కను తాకాడు. బంట్లు మన్ను కప్పారు. భోజనాలు జరిగాయి. దసరా నాటికి ఒక్క మొక్కా మిగల్లేదు. మరుసటి మృగశిరకు మళ్లీ పండుగ, మళ్లీ బండ్లు, మళ్లీ భోజనాలు. గుంటలు మాత్రం కొత్తగా తవ్వలేదు, పాతవే ఉన్నాయి గదా. మూడో ఏడూ అంతే.

ఏటి ఒడ్డున పెరిగే పోకను బండ మీద పెడితే చస్తుందని నాయని తోటమాలికి తెలుసు. అతడు చెప్పలేదు. అతణ్ని అడిగినవారూ లేరు.

ఊరి పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. మరో మూడు వేసవులు చూద్దామని, అప్పటికీ కొండ మీద పచ్చదనం నిలవకపోతే ఊరు లేపుకుని పోదామని తీర్మానించారు. అక్కడ లేచి మాట్లాడినది మాళక్క ఒక్కతే. ఆమె కురవల ఇంటి ఆడపడుచు, భర్త లేడు, అరవై మేకలున్నాయి. "మీరు పోండి. నేను రాను. నా మేకలకు ఇంకో కొండ తెలీదు" అన్నది. "మేకలకు తెలీదా, నీకు తెలీదా?" అని ఎవరో ఎగతాళి చేశారు. "ఇద్దరికీ తెలీదు" అన్నది.

ఆ ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆమె బండ నీడన కునుకు తీసింది. కలలో ఒక స్త్రీ కనబడింది. నగలు లేవు, తల్లో ముళ్లున్నాయి. నడుము మీద చేయి పెట్టుకుని తిట్టింది.

"నిద్రా? సిగ్గు లేదూ? గొడ్డలి తిన్నది పోగా మిగిలింది నీ మేకలు తినె. ఇప్పుడు నువ్వు పండుకుంటివి."

"నేనేం చేసేది తల్లీ?"

"నన్నడుగుతావా? రోజూ పొద్దున్నే ఊడ్చి పారబోస్తాండావే, దాన్ని కండ్లు తెరిచి సూడు."

అంతకు మించి వివరించలేదు. తిట్టి వెళ్లిపోయింది.

మాళక్క లేచి తన మేకల దొడ్డికి వెళ్లింది. రోజూ పెంటికలు ఊడ్చి పోసే కుప్ప పక్కన, రెండు రోజుల కిందటి జల్లుకు, వేలెడు మొలకలు లేచి ఉన్నాయి. జమ్మి, తెల్లతుమ్మ, రేల. కొండ బోడి అయినా, నిట్టనిలువు చరియల సందుల్లో కొన్ని చెట్లు మిగిలి ఉన్నాయి. గొడ్డలి ఎక్కలేని చోటికి మేక ఎక్కుతుంది. కాయలు తిని వచ్చి దొడ్డిలో విత్తనం వదులుతుంది. కడుపులో నానిన విత్తనం త్వరగా మొలుస్తుంది. ఇన్నేళ్లూ ఆమె అడవిని ఊడ్చి పారబోస్తూ వచ్చింది. ఆ తప్పు ఆమెకు అర్థమైంది.

మొలకలను ఎక్కడ నాటినా మేక మేస్తుంది. మేక నోరు పెట్టనిది ముళ్ల పొద ఒక్కటే. అందుకని పొదల నడిమధ్యన నాటింది. అంబలి కుండ కడిగిన నీళ్లు, పిల్లలకు స్నానం చేయించిన నీళ్లు తెచ్చి పోసింది. ఆమెను చూసి ఊళ్లో మరో పన్నెండు మంది ఆడవాళ్లు కలిశారు. చరియల కింద రాలిన ఏగిస, చండ్ర, సోమి గింజలు ఏరి తెచ్చారు. ఎవరూ ఎవరికీ ఆజ్ఞ వేయలేదు. ఎవరి పొదలు వారివి. మొత్తం మూడు వందల పన్నెండు పొదలు.

ఈ నేలలో మొక్కకు మూడు వేసవులు గండం. మొదటి రెండు వేసవుల్లో వేరు బండ పగులు కోసం వెతుకుతుంది. మూడో వేసవి గట్టెక్కితే పగులు దాటి లోతున తేమను పట్టుకుంటుంది. ఆ తర్వాత దానికి మనిషితో పని లేదు. మాళక్క మొక్కలు రెండు వేసవులు దాటాయి. మూడోది కూడా దాటడానికి వారం రోజులు ఉంది. పెద్దలు పెట్టిన గడువు కూడా అదే.

ఆ వారంలోనే నాయని పండుగ వచ్చింది. నడుమ రెండేళ్లు యుద్ధాల్లో పడి మానేసిన పండుగను ఈసారి ఘనంగా చేయాలన్నాడు. సర్దారుల పంచెలు ముళ్లకు తగులుకుంటున్నాయని, నాయని పనులు చూసే పారుపత్యదారు పొదలన్నీ కొట్టించాడు. కొట్టిన కంపను కుప్పలు వేసి తగలబెట్టించాడు. ఒక్క పూటలో కొండ శుభ్రమైంది.

మాళక్క అవతలి వాలులో మేకలు కాస్తూ పొగ చూసింది. మేకలను విడిచి పరుగెత్తుకు వచ్చింది. అప్పటికి నాయడు పోక మొక్కను చేతిలో పట్టుకుని గుంట ముందు నిలబడి ఉన్నాడు. డప్పులు మోగుతున్నాయి. ఆమె నేరుగా వెళ్లి ఆయన ఎదుట నిలిచింది. ఎడమ చేయి నడుము మీద పెట్టుకుంది. కుడి చేతి వేలు చాచింది.

"ఏం నాటుతాండావు దొరా?"

"పోక" అన్నాడు నాయడు, అలవాటు చొప్పున.

"ముందు నాటిన పోక యాడుండాది?"

నాయడు పారుపత్యదారు వైపు చూశాడు.

"వాణ్ని సూడొద్దు. నన్ను సూడు. మూడు సార్లు నాటితివే, ఒక్కటి బతికిందా? సూపించు. వేలు పెట్టి సూపించు."

"నోరు ముయ్యవే" అన్నాడు పారుపత్యదారు.

"నా నోరు మూస్తే నీ గుంట పూడుతుందా? నువ్వు కాల్చింది కంప గాదురా. దాని కడుపులో మూడొందల పన్నెండు పిల్లలుండాయి. నీ దొర పంచె కోసం కాల్చితివి. పంచె చిరిగితే కుట్టుకుంటారు. ఇప్పుడు ఊరే చిరిగిపాయె, ఎవుడు కుడతాడు?"

డప్పులవారు ముందు ఆపేశారు. వారు ఏగిసపల్లెవారే. మాళక్క గొంతు ఆగలేదు. ఒక జాము సేపు తిట్టింది. తిట్టిన తిట్టు మళ్లీ తిట్టలేదని చెబుతారు. తిడుతున్న గొంతు ఆమెది కాదని, కలలో ఆమె విన్న గొంతేనని తర్వాత ఊరివారు గ్రహించారు. నాయని చేతిలోని మొక్క ఆ జాములోనే వాడి తలవాల్చింది. ఆయన దాన్ని గుంటలో పెట్టడానికి వంగలేదు. తిరిగి వెళ్లిపోయాడు. మళ్లీ ఈ కొండ ఎక్కలేదు.

ఆ సాయంత్రం మాళక్క గుంట పక్కనే నిలబడిపోయింది. ఎవరు పిలిచినా రాలేదు. మరునాడు వెతుక్కుంటూ వచ్చినవారికి ఆమె కనబడలేదు. అక్కడ నడుము మీద చేయి, చాచిన వేలు ఉన్న నల్లరాయి నిలబడి ఉంది. ఐదో రోజున వాన పడింది. కాలిన పొదల మొదళ్లలో, నూట ఇరవై ఏడు చోట్ల, నరికిన మొక్కలు వేరు నుంచి మళ్లీ చిగురించాయి. బూడిదలో పచ్చగా కనబడుతున్న ఆ చిగుళ్లను పన్నెండు మంది ఆడవాళ్లు వేలు పెట్టి లెక్కించి, పెద్దలను పిలిచి చూపించారు. పెద్దలు కట్టిన మూటలు విప్పారు. ఊరు కదలలేదు. తొమ్మిదేళ్లకు చెలమలో మళ్లీ కడవ మునిగింది. నాయని కోట ఈనాడు లేదు. దాని సున్నం పొలాల్లో అక్కడక్కడ తెల్లగా కనిపిస్తుంది.

అమ్మవారు అందరినీ కసురుతుంది కాబట్టి కసురమ్మ. ఆనాటి నుంచి పొద హక్కు పుట్టింది: నూరు మొక్కలను మూడు వేసవులు బతికించినవారి మాట కొండ మీద చెల్లుతుంది. పాలెగాడైనా, పేదైనా, జవాబు ఇదే లెక్కన చెప్పాలి.

ఆ ఆదివారం లింగక్క గజేంద్రనాథ్‌తో అన్న మాట ఇది.

"జవాబు చెప్పినావు నాయనా. చెప్పినోళ్ల మాట కాదనగూడదు, అది కట్టుబాటు. పోయి సూసి రావాల, అదీ కట్టుబాటే. మావాళ్లు సింగనగుంటకు పోయొస్తారు. అంతదాకా లారీ కిందనే ఉండనీ."

"నా మాట మీద నమ్మకం లేదా అమ్మా? అప్పుడు పేపర్లో కూడా వచ్చింది."

"పేపర్లో వస్తే నీళ్లు ఎవురు పోస్తారు, పేపరోళ్లా?"

గజేంద్రనాథ్ ముఖం ఎర్రబడింది. పెద్దలతో మాట్లాడి ఉత్తరపు వాలు ఎలా తీసుకోవాలో తనకు తెలుసునన్నాడు. "తెలిస్తే మంచిదే. పెద్దోళ్లను గూడా తోడుకోని రా నాయనా, వాళ్లనూ మూడు ప్రశ్నలు అడుగుతా" అన్నది లింగక్క. సమితివారు కొండ దిగారు. కింద లారీ పక్కన నిలబడి, తలా ఒక మొక్క పట్టుకుని ఫొటో దిగారు. మొక్కలను తిరిగి లారీలోనే పెట్టారు. నలభై మందిలో ఒకావిడ మాత్రం వెనక్కి వచ్చి, ఆకుపచ్చ చొక్కా మీదనే, "నేనేమీ నాటలేదమ్మా, నన్నూ తిట్టండి" అన్నది. లింగక్క ఆమెను తీరిగ్గా తిట్టి, చేతిలో ఒక కడవ, ఐదు రేల గింజలు పెట్టింది.

భక్తులు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. మృగశిర మొదలు పునర్వసు వరకు కొండ మీద నాటవచ్చు. విత్తనాలు గుడి దగ్గరే ఇస్తారు. బయటి మొక్కలను పైకి తేకూడదు. పొద మీద కత్తి పెట్టకూడదు, ఎండిపోయినట్టు కనిపించినా సరే. ఇక్కడ నాటలేనివారు తమ ఊళ్లో, తమ నేలకు చెందిన చెట్టు నాటుకుని రావచ్చు. అబద్ధం చెప్పకూడదు. సంతానం కోసం, వ్యాధి నివారణ కోసం వచ్చేవారు చాలామంది ఉన్నారు. వారికి అమ్మ ఏమిస్తుందో ఈ స్థలపురాణం చెప్పజాలదు. ఒక్క చెట్టును మూడు వేసవులు దాటించినవారిని మాత్రం అమ్మ కసరదు. అంతకు మించిన వరం ఈ కొండ మీద లేదు.

సింగనగుంటకు వెళ్లినవారు ఇద్దరు. ఆటో నడిపే ఖాదర్‌వలి, బట్టలు కుట్టే ఓబుళమ్మ. దారి దూరం. ఇద్దరూ పనులు మానుకుని పోవాలి. అందుకని ఎనిమిదో రోజు వరకు వారికి వీలు చిక్కలేదు. ఆ ఎనిమిది రోజులూ అరవై ముగ్గురిలో ఎవరో ఒకరు ఉత్తరపు వాలు మొదట్లో మిషను రాకుండా కూర్చున్నారు.

తొమ్మిదో రోజున ఆ ఇద్దరూ చెప్పగా తెలిసింది ఇది. చెరువు కట్ట మీద ఐదు వందల ఇనుప కంచెలు వరుసగా ఉన్నాయి. ఓబుళమ్మ ఒక వైపు నుంచి, ఖాదర్‌వలి రెండో వైపు నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చారు. ఏ కంచెలోనూ మొక్క లేదు. ప్రతి కంచెకూ నాటినవారి పేరు రాసిన రేకు ఉంది. ఆ పేర్లకు కొత్తగా రంగు వేశారు. ఓబుళమ్మ ఒకదాన్ని తాకి చూసింది. రంగు ఇంకా పచ్చిగానే ఉంది.